సీటీలో ఐదు, చేతికి ఏడు

మావాడికి మోకాలి ఎముకలో వచ్చిన కేన్సర్, ఆస్టియోసార్కోమా, రెండు ఊపిరితిత్తులకూ పాకిందని తెలిశాక కావలిలో బంధువులంతా ఒకటే మాట: "ఇంకా కీమో ఎక్కించండి, పసిబిడ్డకి కోతలెందుకు?" ఈ జబ్బులో ఊపిరితిత్తుల గడ్డలు కీమో ఒక్కదానికే పోవడం అరుదని, అన్నిటినీ తీసేయగలిగితేనే ఆశ అని చెన్నైలో డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. పక్క బెడ్డు పాపది కిడ్నీలో పుట్టే విల్మ్స్ గడ్డ, అదీ ఊపిరితిత్తులకి పాకిందే. అది కీమోకి, రేడియేషన్‌కి బాగా లొంగే రకం. ఆ పాప ఛాతీ కోయనే లేదు.

రొమ్ము ఎముకను నిలువునా తెరిస్తే ఒకే మత్తులో రెండు వైపులా చూడొచ్చు. కానీ ఎడమ కింది భాగం గుండె వెనక ఉంటుంది, అక్కడికి చెయ్యి సరిగా పోదు. మావాడికి ఒక గడ్డ సరిగ్గా అక్కడే ఉంది. చిన్న రంధ్రాలతో కెమెరా పెట్టి చేసేది కూడా ఉందిగదా అన్నాను. నొప్పి తక్కువ, తొందరగా ఇంటికి పోవచ్చు, ఏ తండ్రికైనా మనసు దాని మీదికే పోతుంది. "సీటీ స్కాన్‌కి అందని చిన్నవి వేళ్ళకి తగుల్తాయి. కెమెరాకి వేళ్ళు లేవు కదండీ" అన్నారాయన.

అలా పక్కటెముకల మధ్యన తెరవడమే ఖాయమైంది. ముందు కుడివైపు, కోలుకున్నాక ఎడమవైపు. "బిడ్డని రెండు తూర్లు కోస్తారంటనా?" అని మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపి, అది ముడుచుకున్నాక అంగుళం అంగుళం వేళ్ళ మధ్య తడిమి చూస్తారట. గడ్డ దొరికిన చోట చుట్టూ కొంచెం మంచి భాగంతో కలిపి స్టేప్లర్‌తో కోసేస్తారు. కుడివైపు సీటీలో మూడుంటే చేతికి ఐదు దొరికాయి. ఎక్కువగా దొరికిన రెంటిలో ఒకటి కేన్సరే, ఇంకోటి ఉత్త మచ్చ అని బయాప్సీలో తేలింది. ఎడమవైపు సీటీ చెప్పిన రెండే.

ఆపరేషన్ కంటే తర్వాతి రోజులే కష్టం. ఛాతీ గొట్టం సీసాలోకి ఉంటుంది. దగ్గినప్పుడల్లా నీళ్ళలో బుడగలు. ఊపిరితిత్తి నుంచి ఇంకా గాలి కారుతోందని దాని అర్థం, అవి ఆగేదాకా గొట్టం తియ్యరు. మూడు బంతుల పరికరంతో గాలి పీల్చమంటే మావాడు మొహం తిప్పుకునేవాడు. నొప్పి తెలియకుండా వీపులో పెట్టిన ఎపిడ్యూరల్ మందు సరిగా అందినప్పుడే పీల్చేవాడు, లేకపోతే లేదు. నర్సులు బిడ్డకి మొండితనం అంటారు గానీ, అది నొప్పి. డోసు సంగతి అడగడానికి మొహమాటపడొద్దు.

ఎడమవైపు అయ్యాక మళ్ళీ కీమో మొదలుపెట్టారు. ఇప్పుడు మూడు నెలలకోసారి పినాకిని రైల్లో చెన్నై పోయి సీటీ తీయించుకొస్తున్నాం. కిటికీ సీటు కోసం చెల్లెలితో వాడి పోట్లాట నాయుడుపేట దాటినా తెగదు.