మెడ మీది నలుపు

ఆదివారం, రాత్రి 10:30

పొద్దున పాపకు తలంటుతుంటే చెయ్యి అలవాటుగా శనగపిండి గిన్నె మీదికే పోయింది. అక్కడే ఆగిపోయాను.

ఆరు నెలలుగా ప్రతి ఆదివారం దాని మెడను రుద్దుతూనే ఉన్నాను. శనగపిండి, నిమ్మచెక్క, ఒకసారైతే బీరపీచు. "స్నానం సక్కగ చెయ్యవా, మెడంత మట్టి" అని తిడుతూ రుద్దేదాన్ని. చర్మం ఎర్రగా కందేది, రెండు రోజులకు మళ్లీ అదే నలుపు. దగ్గరగా చూస్తే అది మట్టిలా ఉండదు. మందంగా, సన్నటి మడతలతో, మఖ్మల్ గుడ్డ తాకినట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు.

నిన్న డాక్టరమ్మ వేలితో తాకి ఒక్క మాటే అన్నది, "ఇది మురికి కాదమ్మా, రుద్దకు." పాప నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ల ముందే ఉంది.

మేం పోయింది నెలసరి కోసం. పదిన్నర ఏళ్లకే పెద్దమనిషి అయింది. ఇప్పుడు 12. రెండు నెలలకోసారి, రెండున్నర నెలలకోసారి వస్తున్నది. గదవ కింద నూగు వెంట్రుకలు. బరువు 61 కిలోలు, ఎత్తు 149 సెంటీమీటర్లు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం వాళ్లు 2015లో తెచ్చిన ఎదుగుదల చార్టు మీద చుక్క పెడితే పై గీత దాటింది.

ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదట, అది కూడా గ్రంథిలా పనిచేస్తుందట. లెప్టిన్ అనే హార్మోన్‌తో 'నిల్వ చాలినంత ఉంది' అని మెదడుకు కబురు పంపుతుంది. లావున్న ఆడపిల్లలు చాలామంది తొందరగా పెద్దమనిషి కావడానికి అదొక కారణం. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌లో కొంత భాగాన్ని కొవ్వే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైతే ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు, దాంతో క్లోమం ఇంకా ఇంకా పోస్తుంది. ఆ ఇన్సులిన్ మెడ చర్మాన్ని మందం చేస్తుంది, అండాశయాన్ని మగ హార్మోన్ ఎక్కువ తయారుచెయ్యమని తరుముతుంది. "టెస్టోస్టెరాన్‌ను కట్టేసే పలుపులు కాలేయం పేనుతది. ఇన్సులిన్ ఎక్కువైతే పలుపులు తగ్గుతయి, కోడెలు విడిపోతయి" అన్నది డాక్టరమ్మ. మా పాప ఫక్కున నవ్వింది. గది బయట కూర్చున్నప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

స్కాన్ తీయిద్దామా అని నేనే అడిగాను. వద్దన్నది. మొదటి నెలసరి తర్వాత 8 ఏళ్ల దాకా స్కాన్ చూసి పీసీఓఎస్ (మగ హార్మోన్ ఎక్కువై నెలసరి గాడి తప్పే అండాశయాల సమస్య) అని తేల్చకూడదట, ఆ వయసులో అండాశయాల్లో మామూలుగానే చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయట. మొదటి ఏడాది నెలసరి అటూఇటూ కావడం సహజమే. ఏడాది దాటాక కూడా 45 రోజులు మించి మించి వస్తుంటే చూపించాలి. రక్తపరీక్షలు మాత్రం రాసింది. కడుపు మాడ్చొద్దని నాకు రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ ఏడుపు ముఖం పెట్టింది, "నేను పెట్టిన కుడుకలు, బెల్లం, నువ్వుల ముద్దలేనా బిడ్డా?" అని. కాదత్తమ్మా అన్నాను. ఓదార్చడానికి అన్న మాట కాదు. ఆ ముద్దలు పెట్టింది పదిరోజులు. ఫంక్షన్ అయినాక ఖోఖో మాన్పించి ఏడాదిన్నర. "ఇంక గెంతులేంది, పెద్దగైనవ్" అన్నది నేనే. బడి, ట్యూషన్, మంచం. తిండి మాత్రం ఆడుకునే పిల్ల తిండే. ఇప్పుడు ఆ ఒంటినే నిందిస్తే న్యాయమా?

సాయంత్రం ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోయాం. నాలుగు చుట్లకే నాకు ఆయాసం వచ్చింది. అటు పక్క పిల్లలు ఖోఖో ఆడుతుంటే పాప చాలాసేపు నిలబడి చూసింది. "పో" అన్నాను. చెప్పులు నా చేతికిచ్చి పోయింది. దొరికిపోయింది, రెండోసారి కూడా దొరికింది. చెమటతో, మోకాళ్లకు ఎర్రమట్టితో తిరిగొచ్చి "రేపు కూడ రమ్మన్నరు" అన్నది.

రాత్రి జడ వేద్దామని ముందు కూర్చోబెట్టుకున్నాను. జుట్టు పక్కకు తీయగానే తల వంచి, భుజాలు బిగబట్టి కూర్చున్నది. రుద్దుతాననుకున్నది. కొబ్బరినూనె వేళ్లకు అద్దుకుని మెడ మీద మెల్లగా రాశాను. ఆ భుజాలు కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.