అలర్జీ గడి నింపడం: నా అనుభవం

నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సును. మా ఆసుపత్రిలో కేస్ షీట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అలర్జీ గడి నింపే పని మా మీద పడింది. పాత షీట్లలో ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ అలర్జీ’, ‘డైక్లో (డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు) అలర్జీ’ అని ఉండేదే తప్ప, అసలేం జరిగిందో ఎక్కడా ఉండేది కాదు. కొత్త స్క్రీన్ మాత్రం ఏమైంది, అలర్జీయా, సైడ్ ఎఫెక్టా అని విడిగా అడిగేది.

"ఏ మందైనా అలర్జీ ఉందా?" అని అడిగితే సగం మంది ఉందనే అంటారు. అందుకే వేరేగా అడగడం మొదలుపెట్టాను. వేసుకున్న ఎంతసేపటికి? ఒంటిమీద దద్దుర్లు లేచాయా? పెదవులు వాచాయా? ఆయాసం వచ్చిందా? తర్వాత మళ్లీ ఎప్పుడైనా వాడారా?

ఈ చివరి ప్రశ్న దగ్గరే అసలు సంగతులు బయటపడేవి. తుంటి ఆపరేషన్‌కి వచ్చిన ఒక మామ్మగారి షీటులో పెన్సిలిన్ అలర్జీ అని ఉంది. అందుకని ఆపరేషన్ ముందు ఇన్ఫెక్షన్ రాకుండా మామూలుగా ఇచ్చే సెఫజోలిన్ (పెన్సిలిన్‌కి చుట్టంలాంటి యాంటీబయాటిక్) మానేసి, వాంకోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్ రాశారు. దాన్ని గంటకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కించాలి. గబగబా వదిలితే మొహం, మెడ ఎర్రబడి దురద పెడుతుంది (దాన్ని కూడా అలర్జీ అని రాసేసేవాళ్లున్నారు!).

"చిన్నప్పుడు సూదేస్తే వాంతులయ్యాయి సిస్టర్, అంతే" అన్నారావిడ. కోడలు చేతిసంచి దులిపితే, పంటి నొప్పికి వాడగా రెండు మిగిలిన అమాక్సిసిలిన్ స్ట్రిప్ దొరికింది. అదీ పెన్సిలిన్ జాతిదే. వేసుకుంటే ఏమీ కాలేదట.

గడి మార్చే అధికారం మాది కాదు. విన్నది విన్నట్టు రాసి డాక్టరుకి చూపించాను. మత్తు డాక్టరు ఆవిణ్ణి మళ్లీ అడిగి, సెఫజోలిన్‌కే మార్చారు.

దీనికి తలకిందులుగా, నిజమైన అలర్జీని సైడ్ ఎఫెక్ట్ అని రాసేసిన కేసులంటేనే నాకు భయం. ‘డైక్లో – గ్యాస్’ అని రాసి ఉన్న ఒకాయన్ని కదిపితే, మాత్ర వేసుకున్న అరగంటలో కళ్లు వాచి, పిల్లికూతలు వచ్చాయన్నారు. వెంటనే అలర్జీ ఉందని తెలిసేలా చేతికి ఎర్ర పట్టీ వేశాం. అదే కోవ నొప్పుల మందులైన ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వొద్దని డాక్టరు చేర్చారు.

‘ఏమైంది’ అన్న గడి ఖాళీగా వదిలితే స్క్రీన్ ముందుకు కదలదు. రాత్రి డ్యూటీలో రద్దీ ఎక్కువైతే కొందరు అక్కడ ఒక చుక్క పెట్టేసి వెళ్లిపోతారు. పొద్దున్నే ఆ చుక్కలు వెతుక్కుని మళ్లీ మంచాల చుట్టూ తిరగడం ఇప్పుడు నా పని.