పత్తి ఏరినా బడికొచ్చింది

పోయినేడు పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతుంటే ఒక సంగతి కంటబడింది. ముప్పై ఒక్క మందిలో ఇరవై మందికి పైగా ఒకే వాక్యంతో జవాబు మొదలుపెట్టారు: "ఈ కథ మన సమాజానికి అద్దం పడుతుంది." అడిగిందేమో ఒక పాత్ర స్వభావం గురించి. గైడులో ఆ వాక్యం ఉంది, పిల్లలు బట్టీ పట్టారు. ఇన్నేళ్లూ దానికి మార్కులు వేసింది నేనే కాబట్టి ఎవరి మీద కోపం చూపించాలో తెలియలేదు.

మాది నర్సంపేట రోడ్డు మీద ఒక ఊరి హైస్కూలు. రోజూ హన్మకొండ నుంచి బస్సులో పోయొస్తాను. ఆ బస్సులోనే అనుకున్నాను, ఒక్క కథ తీసుకుని నెల పట్టినా సరే అక్షరం అక్షరం చదివిద్దామని. గురజాడ 'దిద్దుబాటు' ఎంచుకున్నాను. చిన్న కథ, హాస్యం ఉంది, గోపాలరావు, కమలిని అనే భార్యాభర్తల గొడవ కాబట్టి పిల్లలకు ఆసక్తి ఉంటుంది. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. 'తొలి తెలుగు కథానిక' అన్న బిట్టు పిల్లలకు ముందే నోటికి వచ్చు. 1902లోనే భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వచ్చిందని చెబితే, "మరి పరీక్షల ఏం రాయాలె మేడం?" అన్నారు. ఆ చర్చ అక్కడే ఆపేశాను.

మొదటి రోజు కథంతా నేనే గొంతు మార్చి మార్చి చదివాను. బాగా నవ్వారు. ఏం అర్థమైందని అడిగితే "మంచిగుంది మేడం." ఏం మంచిగుంది? నిశ్శబ్దం. చివరికి ఒకడు లేచి "భార్యను మంచిగ చూసుకోవాలె" అన్నాడు. రెండో తరగతి నుంచీ ప్రతి కథ కిందా 'ఇందులోని నీతి ఏమిటి' అని అడుగుతూ వచ్చాం కదా, వాళ్లకు కథ అంటే నీతి దొరికేదాకా ఓపిక పట్టడమే.

రెండో రోజు, ముఖ్యమైన మాటల కింద గీత గీయమన్నాను. పేజీ అంతా గీశారు. ఇద్దరు ఆడపిల్లలైతే స్కెచ్ పెన్నులతో రంగులు కూడా వేశారు. చూడముచ్చటగా ఉంది, పనికిమాత్రం రాలేదు.

మూడో రోజు ఒక తెల్లకాగితం కింద కథంతా దాచిపెట్టి, మొదటి రెండు మూడు లైన్లే చూడమన్నాను. ఒక మనిషి తలుపు తలుపు అని పిలుస్తాడు, తలుపు తెరుచుకోదు, గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది. ఒక్కటే రూలు: ఏం చెప్పినా కాగితం మీద ఏ మాట వల్ల చెప్తున్నారో వేలు పెట్టి చూపించాలి.

"ఆయన లేటుగొచ్చిండు మేడం."

"లేటు అని ఎక్కడుంది?"

"గడియారం ఒకటి కొట్టింది కద."

"పగలు ఒంటిగంట కావచ్చు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, "పగటిపూట ఎవరింట్ల తలుపేసుంటది మేడం?" అన్నాడు. వాళ్ల ఊళ్లో నిజంగానే పగలు తలుపులు వేయరు. హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు తెరవని పిల్లవాడు వాడు. కాగితం ఒక లైను కిందికి జరిపితే, ఇంత ఆలస్యం చేశానే అని ఆ మనిషి తనను తాను తిట్టుకుంటున్నాడు. క్లాసులో అరుపులు, క్రికెట్‌లో వికెట్ పడ్డట్టు.

వారం రోజులు అలా సాగింది. మాట్లాడటం బాగా వచ్చింది, కానీ రాయమంటే మళ్లీ మొదటికొచ్చింది. "గోపాలరావు వచ్చాడు. కమలిని లేదు. ఉత్తరం ఉంది. ఆయన బాధపడ్డాడు." కంకర రాళ్లలా వాక్యాలు, దేనికదే. మాట్లాడినప్పుడున్న ఆలోచన కాగితం మీదికి వచ్చేసరికి ఎటుపోతోందో నాకు అర్థం కాలేదు. భాష రాదా అంటే అదీ కాదు, ఇంటర్వెల్‌లో గలగలా మాట్లాడతారు.

దారి అనుకోకుండా దొరికింది. మా దగ్గర పత్తి ఏరే రోజుల్లో హాజరు సగానికి పడిపోతుంది. ఒక సోమవారం ఒక అమ్మాయి రెండో పీరియడ్‌కు వచ్చింది. వేళ్లన్నీ పత్తికాయ పెంకులు గీసుకుని ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నే చేనుకు పోయి వచ్చిందట. బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. ఆమె పత్తి ఏరింది. ఆమె బడికి వచ్చింది. కలపమన్నాను.

"పత్తి ఏరి బడికి వచ్చింది."

"ఇదేంది?"

"క్త్వార్థకం మేడం!" అని కోరస్. సంక్లిష్ట వాక్యం, క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అన్నీ బిట్ల కోసం నేర్చుకున్నవే. పేర్లు గడగడా చెప్తారు. వాటితో ఏమన్నా చేయొచ్చని మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు.

శత్రర్థకంతో 'పత్తి ఏరుతూ బడికి వచ్చింది' అని నేను రాస్తే గొల్లున నవ్వారు. "ఏరుకుంట బడికెట్లొస్తది మేడం, చేను బడిదాక ఉన్నదా?" చేదర్థకం చూద్దామన్నాను. 'పత్తి ఏరితే బడికి రాదు.' దీనికి నవ్వలేదు, ఆ రోజు రాని వాళ్ల బెంచీల వైపు చూశారు. ఆఖరుకు అప్యర్థకం: 'పత్తి ఏరినా బడికి వచ్చింది.' ఆ అమ్మాయి తల వంచుకుని నవ్వుకుంది. ఆ రెండు పనులే, 'ఏరి' అంటే ఉత్త వరస. 'ఏరినా' అంటే ఆ పిల్ల ఎలాంటిదో తెలుస్తోంది. వాళ్లకు నేను వివరించాల్సిన పనే లేకపోయింది.

మర్నాడు కథలో ఉత్తరం దగ్గరికి వచ్చాం. రాత్రుళ్లు సానుల పాటకు పోయి మీటింగులని చెప్పే భర్తకు, నా వల్లే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, మీ దారికి అడ్డుగా ఉండటం నాకిష్టం లేదు, పుట్టింటికి పోతున్నాను అని కమలిని రాస్తుంది. మంచామె, తప్పు తన మీదేసుకుంది అని చాలామంది అన్నారు. సరే, దాన్ని '-నా'తో ఒక వాక్యం చేయండి అన్నాను. పది నిమిషాలు పట్టింది. ఒకరు రాసింది: "కమలిని తప్పు తనదే అన్నా, అబద్ధాలు చెప్పింది భర్త అని అందరికి తెలుస్తది." ఇంకొకరు: "ఆమె తిట్టకపోయినా ఆయనకు దెబ్బ తగిలింది." రాయడం మొదలుపెట్టేదాకా వాళ్లకు ఆ సంగతి తట్టలేదనే నా నమ్మకం. '-నా' అన్నాక ఎదురు మాట ఒకటి వెతకాలి కదా, ఆ వెతుకులాటలో మళ్లీ ఉత్తరం చదివారు.

అప్పటి నుంచి రోజూ ఒకటే పని. కథలో నాలుగు లైన్లు, రెండు చిన్న వాక్యాలు, వాటిని మూడు నాలుగు రకాలుగా కలపడం, ఏది నప్పుతుందో గొడవపడటం.

'తెలుస్తది', 'వచ్చిండు' సంగతి కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. మర్నాడే పిల్లలు 'పోయిండు' అని రాస్తే ఎర్ర ఇంకు గీత పెడతాం. నేను చిత్తు నోట్‌బుక్కులో ఎలా రాసినా ముట్టుకోలేదు. ఫెయిర్‌లో మాత్రం పేపరు దిద్దే వాళ్ల కోసం 'వచ్చాడు' చేయమన్నాను. ఇది సరైన పద్ధతో కాదో ఇప్పటికీ నాకు తృప్తి లేదు.

అందరికీ అందిందని చెప్పను. కూడబలుక్కుని చదివే ఆరుగురిని పక్కవాళ్లతో జత చేస్తే, వాళ్లు పక్కవాళ్లది చూసి దించేశారు. సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది. స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు రోజూ, "ఇంకా తలుపు తీయలేదా మేడం ఆమె?" అని నవ్వేవారు. పొద్దున ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టి ఆ రెండు పాఠాలూ హడావుడిగా లాగేశాను.

కథ చివర గోపాలరావు పనివాడు రాముడితో, అయ్యగారు ఇకమీదట సానుల పాట వినరని, రాత్రుళ్లు ఇల్లు కదలరని కమలినికి చెప్పమంటాడు. అంతలో మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. కమలిని ఎక్కడికీ పోలేదు. క్లాసు నవ్వడం అయ్యాక, పత్తి ఏరి వచ్చిన అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, గాజులు ఇప్పుడే ఎందుకు చప్పుడైనయి? ఆయన ఉత్తరం చదివేటప్పుడు ఎందుకు కాలే?"

నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఎంఏలో కూడా రాలేదు. నువ్వే రాసుకురా అన్నాను. మర్నాడు తెచ్చింది: "చేతులకు గాజులున్నా, ఆయన తప్పు ఒప్పుకునేదాక కమలిని చప్పుడు కానియ్యలేదు."

ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. 'కానియ్యలేదు' దగ్గర ఒకసారి ఆగి, నోట్‌బుక్ మూసి ఆమెకు ఇచ్చేశాను.