థ్రిల్లర్‌లో నవ్వు ఎవరి మీద?

మా ఇంట్లో సినిమా పిచ్చోళ్ల మధ్య ఒక గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది, ఈ మధ్య మళ్లీ ముదిరింది. క్రైమ్ థ్రిల్లర్‌లో కామెడీ ఉండొచ్చా, ఉంటే అది ఎంత దూరం పోవచ్చు, ఒకడి పొట్టితనం మీదో నత్తి మీదో పేదరికం మీదో జోకేసి మనల్ని నవ్వించి, పది నిమిషాలయ్యాక శవాన్ని చూపించి ఇప్పుడు బాధపడండి అంటే ఎట్లా బాధపడాలి అనేది గొడవ.

నలుగురం ఉంటే నాలుగు పార్టీలు. మూలాపేట బావకి నవ్వు లేని సినిమా సినిమానే కాదు, "రెండున్నర గంటలు మొహం ముడుచుకొని కూర్చునేదానికి డబ్బులిచ్చి పోవాల్నా అబ్బయా" అంటాడు. ఒంగోలులో ఇంజనీరింగ్ చదివే చిన్నాన్న కొడుక్కి, అంటే మా తమ్ముడికి, కామెడీ అంటేనే పడదు, థ్రిల్లర్‌లో ఎవడన్నా పళ్లికిలిస్తే టెంపో పోయిందని ఫోన్ తీసేస్తాడు. కావలిలో టీచరుగా చేసే పెద్దమ్మ కూతురు, మా అక్క, ఈ ఇద్దరినీ పక్కనబెట్టి ఒకే మాట అడుగుతుంది: "నవ్వు ఉండనీలే, ఎవరిని చూసి నవ్వమంటుండారో అది చెప్పు." నేను ఎక్కువగా అక్క పక్కనే ఉంటాను గానీ పూర్తిగా కాదు. అందుకే ఈ పోస్టు.

బావ ఎప్పుడూ ముందు తీసే సినిమా 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. 2019 జూన్‌లో వచ్చింది, కథంతా నెల్లూరు డిటెక్టివ్ చుట్టూ తిరుగుద్ది కాబట్టి మావోళ్లకి అది సొంత ఆస్తి లెక్క. థ్రిల్లర్‌లో కామెడీ పనికిరాదనే వాళ్ల నోరు మూయించడానికి ఇంతకంటే మంచి సినిమా తెలుగులో నాకూ తెలియదు. నవీన్ పోలిశెట్టి వేసిన ఆ ఆత్రేయ ఇంగ్లీషు సినిమాలు చూసి తయారైన డిటెక్టివు, వాడి బిల్డప్ ఆకాశంలో ఉంటే కేసులు మాత్రం చిల్లరమల్లరవి. రైలు పట్టాల పక్కన పడి ఉన్న శవం సంగతి తేలుద్దామని పోయి చివరికి వాడే లాకప్‌లో పడతాడు. మనం నవ్వేది వాడి గొప్పల్ని చూసి. వాడి ఒంటినీ, వాడి కులాన్నీ, వాడి జేబునీ చూసి కాదు. అదే మనిషి తల్లి చనిపోతే ఆఖరి చూపుకి కూడా అందలేదన్న విషయం ఆ నవ్వులతో పాటే నడుస్తుంటుంది, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టవు. నేర పరిశోధన సీరియస్‌గా మొదలయ్యాక దర్శకుడు స్వరూప్ ఎక్కడా "ఇప్పటిదాకా నవ్వించాను, ఇక ఏడవండి" అని గేరు మార్చినట్టు అనిపించదు. నవ్విన మనిషి మీదే మనకి జాలి పుడుతుంది కాబట్టి.

'వెంకీ'లో బ్రహ్మానందం గజాలా కూడా ఆ బాపతే. అదీ రైల్లో హత్య జరిగే సినిమానే, 2004లో వచ్చింది, 2023 చివర్లో మళ్లీ రిలీజ్ చేస్తే హాల్లో జనం డైలాగులన్నీ ముందే చెప్పేస్తున్నారు. గజాలాని కుర్రాళ్లు ఆడుకుంటారు, నిజమే, కానీ ఆయన ముందు తన తెలివి గురించి కోసే కోతలు వింటే ఇతగాడికి ఎవడో ఒకడు తగలాల్సిందే అనిపిస్తుంది. దాని మీద అక్కకి కూడా కంప్లైంట్ లేదు.

కంప్లైంట్ వచ్చేది తన్నుల దగ్గర. కోట శ్రీనివాసరావు గారు 2025 జులైలో పోయినప్పుడు మావోళ్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నవాటిలో చాలావరకు ఆయన బాబూమోహన్‌ని తన్నే క్లిప్పులే. 'మామగారు' కాలం నుంచి ఆ జంటకి అంత పేరు. అక్క వాటిని చూసి అంది, పెద్దాయన పనోడిని తంతుంటే ఇన్నేళ్లుగా పడీపడీ నవ్వినాం, బయట ఎవడన్నా అట్లా తంతే మనకి నవ్వొస్తుందా అని. బావ ఒప్పుకోలేదు, అది టైమింగ్, తన్నేవాడూ తన్నించుకునేవాడూ ఇద్దరూ జిత్తులమారులే, వాడు మళ్లీ లేచి ఇంకో వెధవ పని చేస్తాడు కాబట్టే నవ్వొచ్చేది అన్నాడు. ఇక్కడ నాకు బావ మాటలో సగం నిజం కనిపిస్తుంది. ఆ తన్నుకి నొప్పి లేదు. అది కార్టూన్ తన్ను. ఊరికే సరదా సినిమాలో అది చెల్లుతుంది, ఎందుకంటే ఆ లోకంలో ఎవడికీ ఏమీ కాదు. థ్రిల్లర్‌లో అట్లా కుదరదు. అక్కడ మనుషులు నిజంగా చస్తారు, దెబ్బ తగిలితే రక్తం వస్తుంది, అదే లోకంలో ఒకడికి మాత్రం దెబ్బ తగిలినా నొప్పి పుట్టదంటే, వాణ్ని మనిషిగా లెక్కెయ్యట్లేదనే అర్థం.

ఈ మాట మీద మా తమ్ముడు లేచాడు. కామెడీ లేకుండా థ్రిల్లర్ అంటే ఏందో చూపిస్తానని ల్యాప్‌టాప్ తెచ్చి కొరియా సినిమా 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' పెట్టాడు. బాంగ్ జూన్ హో తీసింది, 2003 నాటిది. 1986లో హ్వాసాంగ్ అనే పల్లె ప్రాంతంలో మొదలైన ఆడవాళ్ల హత్యల కథ, నిజంగా జరిగినవి. తీరా చూస్తే మొదటి గంటంతా నవ్వే! హత్య జరిగిన చోట పిల్లలు ఆడుకుంటుంటారు, సాక్ష్యంగా పనికొచ్చే కాలి అడుగు మీదుగా ట్రాక్టరు పోతుంది, పోలీసులు కాలవ గట్టు మీద జారి పడతారు. తమ్ముడికి అది కామెడీ అని తట్టనే లేదు, అంత నిమ్మళంగా కలిసిపోయింది.

ఆ సినిమాలో ఒక డిటెక్టివు ఉంటాడు, నిందితుల్ని తన్నడమే వాడి పని. తన్నే ముందు బూటు మీద గుడ్డ తొడుగు వేసుకుంటాడు, ఒంటి మీద గుర్తు పడకుండా. ఎగిరి తన్నుతాడు, బావ ఆ సీన్లో గట్టిగా నవ్వాడు, మేమూ నవ్వినాం, దర్శకుడు నవ్వమనే తీశాడు. తన్నులు తినేది ఊళ్లో బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాడు. మాట సరిగ్గా రాదు, పోలీసులు ఏం చెప్పమంటే అది చెప్తాడు, వాడితో ఎట్లాగైనా ఒప్పించాలని చూస్తుంటారు. దానికీ నవ్వొస్తుంది. తర్వాత ఒక హోటల్లో కొట్లాట జరిగినప్పుడు ఆ కుర్రాడే మేకు ఉన్న చెక్క తీసుకొని ఆ డిటెక్టివు కాలి మీద కొడతాడు, గాయం ముదిరి కాలు తీసేయాల్సి వస్తుంది. ఏ కాలితో తన్నాడో ఆ కాలు. కుర్రాడు రైలు కింద పడి పోతాడు. అప్పటికి హాల్లో (అంటే మా బావ వాళ్ల హాల్లో) ఎవరికీ నవ్వు లేదు. అసలు హంతకుణ్ని పోలీసులు గుర్తించింది 2019లో, డీఎన్‌ఏతో, సినిమా వచ్చిన 16 ఏళ్లకి. సినిమాలో ఆ డిటెక్టివుల చేతకానితనం చూసి మనం నవ్విన నవ్వుకి ఆ వార్త చదివాక ఇంకో రుచి వచ్చింది.

నా వాదన ఇదే. కుళ్లు జోకు వేయొద్దని నేననను. వేసినవాడికి అది కుళ్లు జోకని తెలిసుండాలి, సినిమా ముగిసేలోపు దాని సంగతి తేల్చాలి. కథలో పిస్టల్ చూపిస్తే అది పేలిందా లేదా అని లెక్క అడుగుతాం గదా, జోకుని మాత్రం లెక్కలోకి రాని సరుకులాగా ఎందుకు వదిలేయాలి?

'మహారాజా' చూడని వాళ్లుంటే కింది రెండు పేరాలు దాటేయండి. 2024 జూన్‌లో వచ్చిన తమిళ సినిమా, తెలుగులోనూ బాగా ఆడింది. విజయ్ సేతుపతి ఒక సెలూన్ నడిపే మనిషి. పోలీస్ స్టేషన్‌కి వచ్చి మా లక్ష్మి కనపడట్లేదు, వెతికిపెట్టండి అంటాడు. లక్ష్మి ఎవరంటే ఇనప చెత్తబుట్ట. పోలీసులు నవ్వుతారు, తిడతారు, కొడతారు, అయినా కదలడు, బుట్ట ఎట్లా ఉంటుందో ఒకే గొంతుతో మళ్లీ మళ్లీ చెప్తాడు. మేం చూసిన థియేటర్లో ఇంటర్వెల్ దాకా జనం పొట్ట పట్టుకొని నవ్వినారు, వెనక వరసలో ఒకడు "లక్ష్మీ" అని అరిచాడు కూడా. పోలీసుల పక్కన కూర్చొని ఒక పిచ్చోణ్ని చూసి నవ్వుతున్నట్టు మనల్ని కూర్చోబెట్టాడు దర్శకుడు నిథిలన్. ఆ మనిషి ఎందుకు వచ్చాడో, ఆయన కూతురికి ఏం జరిగిందో బయటపడేసరికి ఆ నవ్వంతా గొంతులో అడ్డం పడుతుంది. ఇంకో పని చేశాడు, అది నాకు ఇంకా నచ్చింది. కామెడీ వేషాలతో అలవాటైన సింగంపులిని తెచ్చి స్టేషన్‌లో తిరిగే చిల్లర దొంగలాగా పరిచయం చేస్తాడు. ఆయన మొహం చూడగానే మనకి నవ్వే అలవాటు. ఆ అలవాటు వెనకాల దాక్కున్నాడు నేరస్థుడు. ఈయనే అని ఎవరూ అనుకోరు, ఎందుకంటే కామెడీవాణ్ని అనుమానించడం మనకి చేతకాదు.

దీనికీ అక్క ఊరుకోలేదు. "మీ నవ్వు గొంతులో అడ్డం పడేదానికి ఒక ఆడపిల్లని బలి చెయ్యాల్నా? ట్విస్టు కోసం ఎప్పుడూ ఆడపిల్లేనా?" అంది. బావ దగ్గర సమాధానం లేదు, నా దగ్గర కొంచెం ఉంది. ఆ సినిమాలో చివరికి ఆ పిల్ల తనే పోయి తనకి అన్యాయం చేసినవాడి ఎదురుగా నిలబడుతుంది, కేవలం ట్విస్టుగా వాడుకొని వదిలెయ్యలేదు. కానీ అక్క అడిగింది ఆ ఒక్క సినిమా గురించి కాదు. మన థ్రిల్లర్లు ఎన్నింట్లో మొదటి సీన్ ఒక అమ్మాయి శవంతో మొదలవుతుందో మీరే లెక్కేసుకోండి, అక్క చెప్పినాక నాకు అదే కనిపిస్తోంది.

'రాక్షసుడు' గురించి అయితే నాకు అసలు గుర్రు. తమిళ 'రాట్చసన్'కి రీమేక్, సస్పెన్స్ బిగువుగానే ఉంటుంది, కాదనను. అందులో హంతకుడు చిన్నప్పుడు జబ్బుతో, ముసలి మొహంతో ఉన్నందుకు బడిలో అందరూ ఎగతాళి చేస్తే అట్లా తయారయ్యాడంటారు. సరే, ఎగతాళి మనిషిని ఎంత దూరం తోస్తుందో చెప్పాలనుకున్నారేమో. కానీ చివరికి ప్రేక్షకుడి మనసులో మిగిలేది, అట్లాంటి మొహం ఉన్నోడితో జాగ్రత్త అని. నవ్వడానికి పనికొచ్చిన రూపమే భయపెట్టడానికీ పనికొచ్చింది. రెండు చోట్లా ఆ జబ్బు ఉన్నోడికి ఒరిగిందేమీ లేదు.

యాస సంగతి కూడా ఇదే. హీరోకి యాస ఉండదు, సీరియల్ కిల్లర్‌కి అసలే ఉండదు, ఉండేది వాచ్‌మన్‌కీ, కానిస్టేబుల్‌కీ, లాడ్జిలో గది తాళం ఇచ్చే కుర్రాడికీ. తెలంగాణ యాసని ఎన్నో ఏళ్లు రౌడీలకీ కమెడియన్లకీ మాత్రమే ఇచ్చారని అక్కడోళ్లు గొడవ చేసింది ఊరికే కాదు. మా నెల్లూరు యాస కూడా సినిమాలో వినపడిందంటే ఎవడో ఒకడు నవ్వించడానికి వచ్చాడనే లెక్క. అట్లాగని నవ్వించిన ప్రతివాణ్నీ తప్పుపట్టలేను. మా జిల్లా మనిషే రమణారెడ్డి, బక్కపలచని ఒళ్లు, 'గుండమ్మ కథ'లో ఘంటయ్యగా ఇంట్లో వాళ్ల మధ్య పుల్లలు పెట్టే వేషం. ఆయన బక్కతనం చూసి నవ్వొస్తుంది, కానీ నవ్వు ఉండేది ఘంటయ్య కుళ్లు బుద్ధి మీద. ఒంటిని ఆయనే వాడుకున్నాడు, ఎవరో ఆయన ఒంటిని వాడుకోలేదు.

'హిట్ 3' మే 1, 2025న వచ్చినప్పుడు సూళ్లూరుపేట పోయి చూసినాం, వంద అడుగులు దాటిన తెర మీద అంత నెత్తురు చూడ్డం అదో అనుభవం. పెద్దలకి మాత్రమే అనే 'ఎ' సర్టిఫికెట్ ఉంది, చెప్పే తీశారు, హింస గురించి నాకు ఫిర్యాదు లేదు. నాని పోలీసు ఎదుటివాణ్ని నలిపేస్తూ వెటకారం ఆడితే జనం వేసిన విజిల్స్ దగ్గరే నాకు ఇబ్బంది. విలన్ అదే పని చేస్తే శాడిస్టు అంటాం. తమ్ముడు మాత్రం అది కామెడీ కాదు, క్యారెక్టర్ అన్నాడు. కామెడీ పడదనే మనిషి ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఎంత వాదించుకున్నా తేలని సీన్ ఒకటి మిగిలింది, 2019 నాటి ఇంగ్లీషు 'జోకర్'లోది. ఆర్థర్ తన ఇంటికొచ్చిన ఇద్దరు పాత తోటి ఉద్యోగుల్లో ఒకణ్ని చంపుతాడు. రెండోవాడు గ్యారీ, మరుగుజ్జు మనిషి, వణికిపోతూ తలుపు దగ్గరికి పోతాడు. గొలుసు పైన ఉంటుంది, అందదు. ఇప్పుడే హత్య చేసినవాణ్ని పిలిచి తలుపు తియ్యమని అడగాల్సి వస్తుంది. మేం చూసిన హాల్లో సగం మంది నవ్వినారు. భయంతో వచ్చిన నవ్వది, నాకు చేతులు చల్లబడిపోయాయి అంటాడు తమ్ముడు. ఎత్తు చూసి నవ్వినారు, చెవిలో పూలు పెట్టకండి అంటుంది అక్క. సినిమా ముందే ఉచ్చు పన్నింది అంటాను నేను. అంతకుముందు అదే గ్యారీ ఎత్తు మీద తోటివాడు జోకేస్తే ఆర్థర్ పగలబడి నవ్వుతూ బయటికొచ్చి, మలుపు తిరగ్గానే ఠక్కున నవ్వు ఆపేస్తాడు. దొంగ నవ్వంటే ఎట్లా ఉంటుందో ముందే చూపించి, తర్వాత మన నవ్వు ఎట్లాంటిదో మన చేతే బయటపెట్టించాడు. ఇదంతా వరసగా విడమరిచి చెప్తే బావ మిక్చర్ నములుతూ విన్నాడు.

"అంత ఎత్తులో గొలుసు పెట్టినోణ్ని అనండబ్బా, నవ్వినోళ్లని ఎందుకు అంటారు" అన్నాడు.