నాగోలు నుంచి రాయదుర్గం దాకా

నేను ఉండేది నాగోలులో, ఉద్యోగం చేసేది రాయదుర్గంలో. హైదరాబాదు మెట్రో బ్లూ లైనుకు ఈ రెండూ రెండు కొసలు కావడంతో, రైలెక్కగానే కూర్చోవడానికి చోటు దొరుకుతుందన్న ఒక్క సుఖం తప్ప ఈ ఏర్పాటులో నాకు కలిసొచ్చింది ఏదీ లేదు. ఆఫీసుకు దగ్గరలో ఇల్లు తీసుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మామయ్యగారు కట్టిన ఇల్లు వదిలి కొండాపూర్‌లో అద్దె కట్టే స్తోమత, ఈ వయసులో పెద్దవాళ్ళిద్దరినీ ఒంటరిగా ఉంచే ధైర్యం మాకు లేవు. అందుకే ఇంటి నుంచి పనిచేసే రోజుల విలువ నాకు బాగా తెలుసు.

2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు అమీర్‌పేటలో దిగి, అక్కడి నుంచి బస్సు కోసమో షేర్ ఆటో కోసమో పరుగెత్తేదాన్ని. 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే ఏడాది నవంబరు చివర రాయదుర్గం వరకు రైలు వచ్చాక ఆ పరుగు తప్పింది. అయినా మా గడప దాటింది మొదలు ఆఫీసులో నా కుర్చీ చేరేదాకా గంటా నలభై నిమిషాలు పడుతూనే ఉంది. ఇప్పుడు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తున్నాను కాబట్టి, రానూపోనూ మూడు గంటల ఇరవై నిమిషాల చొప్పున వారానికి పది గంటలు మిగులుతున్నాయి. మొదట్లో ఆ పది గంటలూ నిద్రకే పోయాయని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

తిండి సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. వేసవిలో పొద్దున ఆరున్నరకు కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి నోట పెట్టలేనంతగా పులిసిపోతుంది కాబట్టి, మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడు పెట్టి డబ్బాకెత్తుకునేదాన్ని. ఒంటిగంటకు మూత తీస్తే కమ్మగా తోడుకుని ఉండేది. రైలు కుదుపులకు డబ్బా ఒరిగిన రోజున మాత్రం సంచంతా పాలే. ఇంటి దగ్గర పనిచేసే రోజుల్లో ఈ విద్యతో అవసరమే లేదు. వేడన్నం, పొయ్యి మీది చారు, వీలైతే అత్తయ్యగారు వేయించిన వడియాలు.

అంతకన్నా విలువైనది సాయంత్రం. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి డిక్టేషనులో ‘అర్థం’ రాయమంటే ‘అర్ధం’ రాసింది. లోపలి చుక్క ఒక్కటి తేడా వస్తే ‘భావం’ కాస్తా ‘సగం’ అయిపోతుందని దాని పక్కన కూర్చుని చెప్పడానికి ఆరున్నరకు ఇంట్లో ఉండాలి, ఓపికా ఉండాలి. ఆఫీసు నుంచి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే రోజున నాకు రెండూ ఉండవు.

వానాకాలం సంగతి సరేసరి. 2023 జూలైలో భారీ వర్షాలు పడినప్పుడు, ఐటీ ఉద్యోగులందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా కంపెనీలు మూడు విడతలుగా ఇళ్ళకు పంపాలని సైబరాబాద్ పోలీసులు కోరవలసి వచ్చింది. ఇంట్లో కూర్చుని చేయగలిగిన పనికి ఇంతమందిని పొద్దున రప్పించుకుని, సాయంత్రం ఎవరిని ఏ వేళకు వదలాలా అని పోలీసులు తలపట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇంటి నుంచి పనిచేయడంలో ఇబ్బందులు లేకపోలేదు. లాక్‌డౌన్ మొదలైన 2020లో, ఇంట్లోనే ఉన్నారు కదా అన్న ధీమాతో అప్పటి మా మేనేజరు రాత్రి తొమ్మిదిన్నరకు కూడా కాల్ పెట్టేవారు. ఆరున్నర కాగానే ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేయడం నేను అప్పుడే అలవాటు చేసుకున్నాను. నలుగురూ నవ్వారు గానీ, అది పనిచేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకైతే కొన్నాళ్ళు ఆఫీసుకే వెళ్ళమని చెబుతాను, ఎందుకంటే పక్క సీటులోని సీనియరును చూసి నేర్చుకునే పని ఫోనులో అడిగితే రాదు.

రేపు మంగళవారం, నేను ఆఫీసుకు వెళ్ళాల్సిన రోజు. స్టీలు డబ్బా కడిగి గట్టు మీద బోర్లించాను; తోడుకు సరిపడా పెరుగు ఉందో లేదో ఇంకా చూడలేదు.