కాలికి కట్టుంటే మ్యాచ్‌కు పోకూడదా?

కాలు విరిగినోణ్ణి చూడ్డానికి ఇంటికొచ్చే వాళ్లందరూ ఒకటే చెప్తారు, గమ్మున పడుకోప్పా, ఎముక అతుక్కునే దాకా గడప దాటద్దు అని. మా జేజి అయితే పుత్తూరు పోయి కట్టు కట్టిచ్చుకోని రారా అని రోజూ ఒకటే పోరు. నాకు తగిలింది అంత పెద్ద దెబ్బేం కాదు, బస్సు మెట్టు దిగుతుంటే పాదం లోపలికి మడత పడి చిటికెన వేలి వైపుండే పొడుగు ఎముక చిట్లింది. డాక్టరు మోకాలి కింద నుంచి ఫైబర్ కట్టు వేసి, ఈ కాలు నేలకు ఆనించద్దు, కూర్చున్నప్పుడల్లా ఎత్తులో పెట్టుకో, ఇట్లాంటివి అతకాలంటే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది అన్నాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోవచ్చా సార్ అని అడిగినా. కాలు ఆనకుండా, వాయకుండా చూసుకోగలిగితే పో అన్నాడు. నాకా మాట చాలు.

ఎందుకంత పట్టుదల అంటే మా అక్క కూతురు గోల్‌కీపర్. ఇంటర్ చదువుతాంది. మా అనంతపురంలో ఆడపిల్లలు బూట్లేసుకోని ఫుట్‌బాల్ ఆడేది ఇప్పుడు వింతేం కాదు, పల్లెల నుంచి కూడా వచ్చి ఆడుతున్నారు, దాని వెనక శానా ఏళ్ల పని ఉంది. 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థను మొదలుపెట్టిన ఫాదర్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో, ఆ స్పెయిన్ సంబంధం ఇప్పటికీ తెగలేదు, ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో నడిచే ఫుట్‌బాల్ అకాడమీకి స్పెయిన్ పెద్ద లీగ్ లా లీగా వాళ్లు కూడా తోడు నిలిచినారు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అక్కడే జరిగితే రాష్ట్రమంతా అనంతపురం వైపు చూసింది, సంతోషమే, కానీ మా ఇంట్లో మాత్రం ఆట అంటే ఫుట్‌బాలే. పాప గ్లౌజులేసుకున్న రోజు నుంచి ఊర్లో దాని మ్యాచ్ ఉందంటే నేను గ్రౌండులో ఉండాల్సిందే, దానికి ఆ అలవాటు, నాకూ అంతే.

సరే, కట్టుతో మ్యాచ్‌కు పోవాలనుకునే వాళ్లకు పనికొచ్చేవి కొన్ని చెప్తా. చంక కర్రలు అంటారు కానీ బరువు చంకల మీద వెయ్యకూడదు, కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టేంత సందు ఉండాలి, బరువంతా అరచేతుల మీదే పడాలి, లేకపోతే చంకలో నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. చేతి పిడికి పాత టవల్ గుడ్డ చుట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కవు. కర్రల కింద రబ్బరు బుష్‌లు అరిగి నున్నగా అయింటే మార్చేయండి, మన గ్రౌండుల్లో కంకర మన్ను, దాని మీద అరిగిన బుష్ సర్రున జారుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ నొప్పి కాలూ ముందు, ఫిజియో ఆమె ఇది నాతో పాఠం మాదిరి అప్పజెప్పించింది. ఆటోలో వెనక సీటంతా మాట్లాడుకోని అడ్డంగా కూర్చోని కాలు సీటు మీద చాపుకోవాలి, పది రూపాయలు ఎక్కువైతే అయింది. జనం రాకముందే చేరుకోవాలి, జనం పోయినాకే లేవాలి. కట్టు బయట కనిపించే వేళ్లను మధ్య మధ్యలో కదిలిస్తా ఉండాలి, అవి నల్లబడినా చల్లబడినా తిమ్మిరెక్కినా మ్యాచ్ ఎంత మంచి చోట ఉన్నా సరే లేచి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. లోపల దురద పుడుతుంది, మన ఎండకు ఇంకా ఎక్కువ, చీపురు పుల్లలు దూర్చద్దు, చర్మం గీరుకోని పుండైతే కట్టు లోపల ఎవురికీ కనపడదు.

ఇంగ అసలు సంగతి. పాప మ్యాచ్ జరిగిన గ్రౌండులో గ్యాలరీ మెట్లు ఒక్కొక్కటి మోకాలెత్తు ఉంటాయి, పట్టుకోడానికి కమ్మీ లేదు. నేనెప్పుడూ సెంటర్ లైన్ ఎదురుగా పై మెట్టు మీద కూర్చునేటోణ్ణి, అక్కణ్నుంచి గ్రౌండంతా కనపడుతుంది. ఈసారి ఎక్కే దారి లేదు. లైన్లకు సున్నం వేసే అన్న చూసి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి గోల్ వెనక వేసినాడు, ఒకటి నాకు, ఒకటి నా కాలికి. నెట్‌కు సూటిగా వెనకాల కాకుండా కార్నర్ వైపు కొంచెం జరిపించుకున్నా, ఎందుకంటే గురి తప్పిన బంతి గోల్ పై నుంచి వచ్చి కట్టుకు తగిలితే కథ మళ్లీ మొదటికే.

ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది, ఇన్నేళ్లు పై నుంచి నేను చూసింది బంతిని మాత్రమే అని. కీపర్ పని అక్కణ్నుంచి కనపడదు.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. అంకె తెలిసిందే కానీ ఆ రెండు పోస్టుల మధ్య ఐదడుగులు దాటీ దాటని పిల్ల నిలబడుంటే వెనక నుంచి చూడండి ఒకసారి, ఎంత ఖాళీ ఉందో. ఆ ఖాళీని అది కాళ్లతో మూసేస్తాంది. బంతి ఎడమ వైపుంటే రెండడుగులు ఎడమకు, ఎదుటోళ్లు దగ్గరికొచ్చే కొద్దీ ముందుకు, షాట్ కొట్టేముందు నేల కాలుతున్నట్టు పాదాలు టపటపా రెండు చిన్న అడుగులేసి ఆగిపోతాది, ఆ ఆగడంలోనే ఉంది అంతా, కదుల్తా ఉన్నప్పుడు షాట్ వస్తే ఎగరలేరంట, ఇంటికొచ్చినాక అదే చెప్పింది. బంతి అవతలి పక్క ఉన్నప్పుడు కూడా ఒక్క నిమిషం ఊరుకోదు, నోరు ఆడతానే ఉంటాది. "ఎడమకు రా", "ఆ పదినెంబరును వదలద్దు", "వెనక మనిషుంది, తిప్పకు", ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ఉలకదు పలకదు, ఆ పిల్లేనా ఇది అనిపించింది. గ్యాలరీలో అరుపులకు ఇదేం వినపడదు.

మ్యాచ్ ఆషాఢంలో, మా ఊరి గాలి సంగతి తెలుసు కదా, పడమర నుంచి దుమ్ముతో సహా లేచి కొడుతుంది. ఫస్ట్ హాఫ్‌లో పాప గాలికి ఎదురు నిలబడింది. ఎదుటోళ్లు తన్నిన బంతి గోల్ గీత బయటికి పోయినప్పుడు కొట్టే గోల్ కిక్ ఎత్తి కొడితే బంతి పైకి లేచి అట్లే నిలబడి వెనక్కొస్తాంది. రెండు సార్లు చూసి మానేసింది. 2019లో రూలు మారినాక గోల్ కిక్ బంతి గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ దాటాల్సిన పని లేదు, బాక్స్‌లోనే మనోళ్లకు ఇచ్చుకోవచ్చు, ఆ రూలు పట్టుకోని పక్కనుండే డిఫెండర్‌కు నేల మీద చిన్నగా ఇచ్చుకుంటా ఆట నడిపింది. ఇంకొకటి, 2025 జూలై నుంచి కీపర్ బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటోళ్లకు కార్నర్, అంటే గ్రౌండు మూల నుంచి కొట్టే కిక్, ఇస్తారు, చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క చూపిస్తాడు. ఆ వేళ్లు ఒక్కొక్కటీ ముడుచుకుంటా ఉంటే నాకు గుండె దడ, పాపకు మాత్రం ఏం లేదు, ఒక చూపు రెఫరీ మీద, ఒక చూపు ముందున్న పిల్లల మీద, రెండు వేళ్లు మిగిలుండంగా వదిలేసింది.

హాఫ్ టైమ్‌లో సైడ్లు మారతాయి కదా, పాప అవతలి గోల్‌కు పోతాది. నేనూ పోవాలి. గ్రౌండు పొడుగు వంద మీటర్లు, మామూలు కాళ్లతో నిమిషంన్నర పని, చంక కర్రలతో కార్నర్ జెండా చుట్టూ తిరిగి పోయేసరికి ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం కూడా విప్పడానికి టైమ్ లేకుండా అయింది, కుర్చీలు ఇద్దరు చిన్న పిల్లోళ్లు నెత్తి మీద పెట్టుకోని నా వెంట వచ్చినారు. చేతులు మంటలు. అయినా పోయినా, మళ్లీ అవకాశమొస్తే మళ్లీ పోతా.

సెకండ్ హాఫ్‌లో గోల్ పడింది. డిఫెండర్ కాలికి తగిలి దారి మారిన బంతి, ఎవురూ ఆపలేరు. బంతి తీసుకోడానికి పాప నెట్ లోకొచ్చింది, నాకూ దానికీ మధ్య ఆ వల ఒక్కటే. ముఖమంతా దుమ్ము, చెమట కారిన చోట చారలు. కుడి చేతి గ్లౌజు పట్టీ బర్రుమని పీకి, మళ్లీ గట్టిగా అతికించుకోని, బంతిని సెంటర్‌కు తన్నింది. నన్ను చూసింది కానీ ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తర్వాత వచ్చిన కార్నర్‌కు, గాలి ఇప్పుడు దాని వీపు వైపు నుంచి వీస్తాంది కాబట్టి బంతి అందరూ అనుకున్న దానికన్నా ముందే కిందికి దిగింది, "కీపర్!" అని ఒక్క కేక వేసి గుంపులోకి దూరి రెండు పిడికిళ్లతో గుద్దింది చూడూ, ఆ దెబ్బ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. మ్యాచ్ ఒకటి ఒకటితో ముగిసింది. మావోళ్ల గోల్ అవతలి పక్క పడింది, నాకు సరిగ్గా కనపడలేదు, దాని గురించి నాకేం బాధ లేదు.

ఇదంతా చెప్పేది ఇంకో మనిషి కోసం. గ్రౌండు గేటు దగ్గర మూడు చక్రాల బండిలో ఒకాయన ఉంటాడు ఎప్పుడూ, చిన్నప్పుడు పోలియో వచ్చింది, టైలరింగ్ చేస్తాడు. ఏళ్లుగా చూస్తున్నా ఆయన్ను, గేటు బయట నుంచే మ్యాచ్ చూసి పోతాడు. ఈసారి కర్రలతో నేను ఆయన పక్కనే ఆటో దిగినా కాబట్టి మాటల్లో పడినాము. లోపలికి రావచ్చు కదన్నా అంటే గేటుకు అడ్డంగా నాటిన ఇనప పైపులు చూపించినాడు. మోటర్ సైకిళ్లు పోకుండా పెట్టినారు, మనిషి పక్కకు తిరిగి దూరగలడు, బండి దూరదు. "నీకు నెలా రెండు నెల్లల్లో కట్టు తీసేస్తారప్పా, మళ్లీ పైకెక్కి కూర్చుంటావు" అన్నాడు, కోపంగా కాదు, ఉన్న మాటే అన్నాడు. నాకు మాట రాలేదు.

ఆయనే ఫోన్‌లో నాకొక వీడియో చూపించినాడు. కాలు లేనోళ్లు ఆడే ఫుట్‌బాల్ ఒకటుంది, రెండు కర్రల మీద ఒంటి కాలితో పరిగెత్తుతారు, జట్టుకు ఏడుగురు, గోల్‌కీపర్‌కు ఒక చెయ్యి ఉండదు, కావాలని కర్రతో బంతిని తాకితే హ్యాండ్ బాల్ కిందే లెక్క. పోలండ్ ఆటగాడు మార్చిన్ ఒలెక్సీ కర్రల మీద నుంచి గాల్లోకి లేచి అడ్డంగా కొట్టిన గోల్‌కు 2022 సంవత్సరానికి ఫిఫా పుష్కాష్ అవార్డు, అంటే ఆ ఏటి మేటి గోల్ అవార్డు, వచ్చింది, రిచార్లిసన్, పయెట్ లాంటి పేరున్న ఆటగాళ్ల గోల్స్‌ను కూడా వెనక్కి నెట్టి. కర్రల మీద నాలుగడుగులు వేస్తేనే చేతులు ఎంత లాగుతాయో తెలిసినాక ఆ గోల్ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన దాన్ని ఎన్ని సార్లు చూసినాడో, ఎక్కడ గాల్లోకి లేస్తాడో ముందే చెప్తాన్నాడు నాకు. ఇంత ఆట తెలిసిన మనిషి గేటు బయట ఉండాలా?

మ్యాచ్ అయిపోయినాక నిర్వాహకుల దగ్గరికి పోయి అడిగినా. అడిగితే ఎవురూ కాదనలేదు, నిజం చెప్పాలంటే ఎవురికీ తట్టలేదు. వెనక పక్క లారీలు వచ్చే పెద్ద గేటు ఒకటుంది, తాళం వాచ్‌మన్ దగ్గరుంటాది, మ్యాచ్ ఉన్న రోజు అరగంట ముందు తీసి పెడితే బండి నేరుగా గ్రౌండు పక్క గీత దాకా వచ్చేస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అందరూ వాడే చోట్లకు నడవలేని వాళ్లు కూడా వచ్చేట్టు ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది, కానీ మా గ్రౌండులో చట్టం దాకా పోవాల్సిన పని పడలేదు, తాళం చెవి చాలింది. ఆ తర్వాతి మ్యాచ్‌కు ఆయన బండి, నా రెండు కుర్చీలు పక్కపక్కనే, గోల్ వెనక. ఆఫ్‌సైడ్ అని లైన్ రెఫరీ కన్నా ముందు ఆయనే చెప్తాన్నాడు, అక్కడ కూర్చోని అది ఎట్ల కనపడుతుందో నాకైతే అర్థం కాలేదు.

ఇప్పుడు నా కట్టు తీసేసినారు, పిక్క సన్నబడింది, ఫిజియో నడుస్తాంది, ఇంకా ఒక కర్ర పట్టుకోనే తిరుగుతున్నా. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు పాప వాళ్ల సెమీస్ ఉంది. వెనక గేటు నాలుగుకే తీస్తారు. మీ ఇంట్లో కాలు విరిగినోళ్లు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దోళ్లు, బండి మీద తిరిగే వాళ్లు ఎవురున్నా పిలుచుకోని రాండి, ఆటోను లోపలికే తెచ్చుకోవచ్చు. టోపీ, నీళ్లు మీరే తెచ్చుకోండి, అటు పక్క నీడ లేదు. కుర్చీలు నేను పెట్టిస్తా.