ఈగ కన్నా ముందొచ్చే మామిడి

నౌపడలో గుణుపురం రైలెక్కితే టెక్కలి, పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. స్టేషన్ బోర్డు మీద ఒడియా అక్షరాలు చూస్తే తప్ప రాష్ట్రం మారినట్టు తెలీదు, పెట్టెలో మాటలన్నీ సిక్కోలు యాసే. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గం ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. నేను కాశీనగర్‌లో దిగాను.

మావయ్య మామిడి తోట వంశధార వైపు ఉంది. సగం సువర్ణరేఖ, సగం ఆమ్రపాలి. మృగశిర కార్తె వచ్చి, ఒక మంచి వాన పడింది. ఒడిశాలో సుందరి అని పిలిచే సువర్ణరేఖ ఎండల్లోనే కోతకొచ్చి అమ్ముడైపోయింది. ఆమ్రపాలి ఇంకా చెట్ల మీదే ఉంది. దశేరి, నీలం కలిపి ఢిల్లీ శాస్త్రవేత్తలు పుట్టించిన పొట్టి రకం అది, ఆలస్యంగా పండుతుంది.

"సుందరిని పండు ఈగ ముట్టదురా, దాని జాతే అంత" అన్నాడు మావయ్య.

ఒక ఆమ్రపాలి కాయ కోసి చేతిలో పెట్టాడు. పైన ఈగ ముల్లు దించి గుడ్లు పెట్టిన చోట సూది గుచ్చినంత నల్ల చుక్క. వేలితో నొక్కితే రసం ఊరింది. కత్తితో చీలిస్తే గుజ్జులో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఒకటి అరచేతిలో వేసుకున్నాను. ఒళ్లు విల్లులా వంచి ఒక్కసారిగా ఎగిరి కింద పడింది. అవి అలాగే కాయలోంచి నేల మీదకు దూకి, మట్టిలో కోశస్థ దశకు, అంటే ఈగగా మారే ముందు గూటిలో ఉండే దశకు, పోతాయి. రాలిన కాయల్ని చెట్టు కింద కుళ్లనిస్తే మళ్లీ ఈగలే.

సరే, సువర్ణరేఖ సంగతేమిటి? కొమ్మ చివర అందక వదిలేసిన రెండు పళ్లు కనిపించాయి. గెడతో దించాం. రెండిటిలోనూ పురుగే! మావయ్య మొహం చూడాలి. ఈగ ముట్టకపోవడం దాని జాతి గొప్ప కాదు, వానలకు పండు ఈగ పెరిగేలోపు పంట ఇల్లు చేరడమే. ఆ ముందుకాపు టెంక పురుగు దగ్గర పనిచేయదు. అది పిందెల మీదే గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు టెంకలోకి దూరాక పైన ఆనవాలే ఉండదు.

నిజంగా ఈగను తట్టుకునే రకాలు వేరే ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ పరీక్షల్లో బంగినపల్లికి ఈగ బాగా పట్టింది, లంగ్రాకు తక్కువ. మామిడి తొక్కలోని సొన గొట్టాలు కూడా కాయకు కొంత కాపలా. ఈగ ముల్లు దించితే సొన తగులుతుంది. పండే కొద్దీ ఆ సొన తగ్గిపోతుంది, ఈగ ఎదురుచూసేది దానికే.

తోటలో ఈగల్ని వాసనతో రప్పించే మిథైల్ యూజినాల్ మందు పెట్టిన బుట్టలు వేలాడుతున్నాయి. వాటిలో పడేవి మగ ఈగలే. జత దొరకని ఆడ ఈగ గుడ్ల నుంచి పురుగులు రావు కాబట్టి ఖర్చుకు తగ్గ పనే. కానీ పక్క తోటలో కట్టకపోతే అక్కడి ఈగలు ఇక్కడికే వస్తాయి.

లంగ్రా అంట్లు నాలుగు వేద్దామా అని అడిగాను.

"వేసి ఏటి చేస్తావు? పండినా పచ్చగానే ఉంటది. సంతలో కాయనుకుని ఎవడూ కొనడు" అన్నాడు.

సుందరి మీద నవ్వే ఎర్రటి బుగ్గకు ఉన్న గిరాకీ దీనికెక్కడిది? అయినా ఇంటి వాడకానికి ఒక్క అంటు వేయించే దాకా ఊరుకోలేదు. ఆమ్రపాలికి మాత్రం కాయలు గోలీ దాటి ఎదగగానే కాగితం సంచులు తొడగాలని మావయ్యే తేల్చాడు. కూలి ఖర్చు లెక్క వేస్తూ కూర్చున్నాం.